తెల్లంగీ

ఆ ఏడు రంజాన్ వానాకాలంలో వచ్చింది. అద్దకం పనికి వానను మించిన శత్రువు లేదు. పండగకి ఊరందరికీ కొత్త గుడ్డ కావాలి, నా పెరట్లో తీగల మీద గుడ్డలేమో ఎన్నాళ్లకీ ఆరవు. మా ఊరు మాకేనీలో గారా గుడ్డ, అంటే ముళ్లు వేసి రంగులో ముంచే గుడ్డ, అద్దేవాళ్లం చాలామందిమే ఉన్నాం గానీ, నీలంలో ఈ యాబోమ్ చెయ్యే చెయ్యని అంటారు. ఎవరూ అనకపోతే నేనే అంటాను. మోచేతుల దాకా నీలమెక్కిన చేతులు నావి. పెళ్లినాడు వాటిని చూసి మా ఆయన శాంటిగీ, "కాస్త కడుక్కుని రాకపోయావా?" అని అడిగాడు. "కడుక్కునే వచ్చానయ్యా" అన్నాను.

రుగి మా ఇంటికొచ్చి అప్పటికి ఒక ఎండాకాలం గడిచింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఎబోలా రోజుల్లో వాళ్లింటి చుట్టూ తాడు కట్టి సిపాయిలు కాపలా కాశారు. తాడు విప్పేసరికి లోపల మిగిలింది అదొక్కతే. అమ్మ, నాన్న, ఇద్దరన్నలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. మాకా పిల్లల్లేరు. సంక్షేమం ఆఫీసులో పనిచేసే ఆవిడ దాన్ని తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టి, మా ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించుకుని, "ఇక మీ బిడ్డే" అంది. నా వేలికి సిరా అక్కర్లేకపోయింది.

అది అల్లరి చేసినా నాకు బాగుండేది. చెయ్యలేదు. ఏడవలేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది, పిలిస్తే పలికేది. ఒంటి మీద చెయ్యి మాత్రం పడనిచ్చేది కాదు. ఎవరినీ ముట్టుకోవద్దని ఆ రోజుల్లో రేడియో పొద్దస్తమానం చెప్పింది కదా, ఊరంతా ఆ మాట మర్చిపోయి మళ్లీ కావలించుకోవడం మొదలుపెట్టినా రుగి మర్చిపోలేదు. తల దువ్వుదామన్నా దువ్వెన నేల మీద పెట్టి నేను పక్కకి జరగాలి. అప్పుడు వచ్చి తీసుకుని తనే దువ్వుకునేది. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత ఏమీ అనిపించకుండా పోయింది. మొద్దుబారిన మనుషులం ముగ్గురం, ఒకే కప్పు కింద ఎవరి కంచం వాళ్లం కడుక్కుంటూ బతికాం.

శుక్రవారం ఒక్కటే వేరు. మా వీధి మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ శాంటిగీయే. ఆ పని అప్పగించినప్పుడు పెద్దలు అతనికో తెల్లంగీ కుట్టించారు. మడమల దాకా ఉంటుంది, గంజి పెడితే నడుస్తుంటే చప్పుడవుతుంది. చిరుగుల చొక్కాతో తిరిగే శాంటిగీకి రుగి నీళ్లు తెచ్చిచ్చేది, అతను తింటుంటే కాస్త దూరంలో కూర్చుని చూసేది. అదే మనిషి తెల్లంగీ తొడుక్కుని గదిలోంచి వచ్చాడంటే చాలు, పిల్ల కనపడేది కాదు. మంచం కిందో, కట్టెల వెనకో, ఒకసారైతే ఖాళీ రంగు పీపాలో దాక్కుంది. వెతికి పట్టుకునేసరికి గౌను తడిపేసుకుని ఉండేది. అతను తిరిగొచ్చి అంగీ విప్పేదాకా కళ్లు తెరిచేది కాదు. రంజాన్ నెలలో సాయంత్రం నమాజులకీ అదే అంగీ. దాంతో మా ఇంట్లో రోజూ శుక్రవారమే అయింది.

శాంటిగీ అక్క యా సాంపా మా పక్కింట్లోనే ఉంటుంది. ఆవిడ కంటపడకుండా మా ఇంట్లో చీమ కూడా కదల్లేదు. ఒకరోజు నేను ఉపవాసం విప్పడానికి గంజి కాస్తుంటే వచ్చి పొయ్యి పక్కన కూలబడింది.

"నమాజు బట్ట చూసి పారిపోయే పిల్లేమిటే యాబోమ్? ఎక్కడైనా విన్నామా? దీనిలో ఏదో ఉంది. దానికి ప్రార్థన గిట్టడం లేదు. అందుకే ఇంటిల్లిపాదినీ మింగి ఇదొక్కతే మిగిలింది."

"వదినా, పిల్ల వింటోంది."

"విననీ. నేను చెప్పేది పిల్లకి కాదు, దాని లోపలున్న దానికి."

రుగి గంజిలోకి నిమ్మకాయ పిండుతోంది. దాని చెయ్యి ఆగలేదు. గింజలు ఏరి పక్కన పెట్టింది.

"ఇమాం గారి చెవిన కూడా పడింది" అంది యా సాంపా గొంతు తగ్గించి. "మౌజన్ ఇంట్లోనే ఇలాంటిది ఉంటే జనం ఏమనుకుంటారు అన్నారంట. పండగనాడు పెద్దలందరూ మీ ఇంట్లో అడుగు పెడతారు. ఆలోపు ఇది బాగుపడితే సరేసరి. లేదా, తెచ్చినావిడకే అప్పజెప్పేయండి. నా తమ్ముడికి ఆస్తా పాస్తా? ఉన్నది ఆ ఒక్క పరువే."

శాంటిగీ అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "పండగ దాకా చూద్దాంలే అక్కా" అన్నాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. గంజి అడుగంటుతోందని గరిట తిప్పాను.

ముందు మోరీమ్యాన్ దగ్గరికి తీసుకెళ్లాం. చెక్క పలక మీద ఖురాన్ వాక్యాలు రాసి, ఆ సిరా కడిగిన నీళ్లు తాగించి వైద్యం చేసే ముసలాయన. ఒంటి మీద నీలం అంగీ, అదీ నేను అద్దిందే. రుగి ఆయన ఎదురుగా బుద్ధిగా కూర్చుంది. నల్లనీళ్లు గటగటా తాగి, గిన్నె తిరిగిచ్చి సలాం చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు.

"దీనికి దయ్యమేంటమ్మా? నా మనవరాళ్లకే ఉన్నాయి దయ్యాలు. ఇది బంగారం."

యా సాంపా ఒప్పుకుంటేగా! "లోపలున్నది తెలివైంది. ముసలాయన్ని చూసి నక్కింది" అని తేల్చేసింది. ఆ సాయంత్రం శాంటిగీ మళ్లీ తెల్లంగీ తొడుక్కున్నాడు, పిల్ల మళ్లీ కట్టెల వెనక్కి పోయింది.

మనసుకి దెబ్బ తగిలితే చూసే నర్సొకావిడ పెద్దాసుపత్రిలో ఉందని మార్కెట్లో మిరపకాయలమ్మే మనిషి చెప్పింది. పేరు మెమునాటు సిస్టర్. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆవిడొక్కతే. శాంటిగీ, నేనూ రుగిని తీసుకుని వెళ్లాం. గేటు దగ్గరే పిల్ల నడక మందగించింది. లోపల్నించి సిస్టర్ ఎదురొచ్చింది, మడత నలగని తెల్ల యూనిఫారంలో.

రుగి అరవలేదు. ఉన్నచోటే మోకాళ్ల మీద కూలబడి, అరచేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని నేలకి వంగిపోయింది. కింద మట్టి తడిసింది. శాంటిగీ ఎత్తుకోబోతే పక్కకి దొర్లింది. గేటు దగ్గర జనం ఆగి చూడసాగారు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా ఎవరిదో అయినట్టుంది.

సిస్టర్ ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇదేం వైద్యంరా దేవుడా అనుకున్నాను. కాసేపటికి ఆసుపత్రి వంటావిడ దగ్గర పువ్వుల గుడ్డొకటి అరువు తెచ్చుకుని, యూనిఫారం కనపడకుండా మెడ దాకా చుట్టుకుని, వెనక దారిన వచ్చింది. గేటు బయట పల్లీలమ్మే బల్ల మీద కూర్చుంది.

"నేనిక్కడ కూర్చుంటాను. నువ్వక్కడే ఉండు. నిన్ను రమ్మనను" అంది రుగితో. తర్వాత మా వైపు తిరిగింది. "వీళ్లింట్లోంచి మనుషుల్ని తీసుకెళ్లినవాళ్లు ఏం తొడుక్కుని వచ్చారు?"

ఎవరికి తెలియదు? తల నుంచి కాలి దాకా తెల్లని తొడుగులు. పోయినవాళ్లనీ తెల్ల సంచుల్లోనే కట్టి బండెక్కించారు. ఊరంతా చూసింది, నేనూ చూశాను. పొద్దున్న లేచింది మొదలు గుడ్డ రంగు తప్ప ఇంకేదీ చూడని దాన్ని, నాకే తట్టలేదు. తెలుపంటే మాకు నమాజు, తెలుపంటే పండగ. దాన్ని చూసి జడుసుకునే పిల్ల ఉంటుందని ఎవరనుకుంటారు?

"అయితే నేను ఆ బండి వాళ్లలాగా కనపడుతున్నానా దానికి?" అన్నాడు శాంటిగీ.

"కావచ్చు. దాని నోట వినేదాకా నేనూ గట్టిగా చెప్పలేను. ఈ గేటు మళ్లీ దాటించకండి. వారం వారం నేనే మీ ఇంటికొస్తాను. ఈలోపల ఆ అంగీ దాని కంట పడనివ్వకండి."

"మందేమీ ఇవ్వవా సిస్టర్?" అని అడిగాను.

"ఇలాంటి దానికి నా దగ్గర మందు లేదమ్మా."

"మరి ఎన్నాళ్లకి తగ్గుద్ది?"

"తెలీదు."

తెలీదని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. నాకు నచ్చింది.

ఇంటికొచ్చాక శాంటిగీ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఇన్నాళ్లూ దాన్ని ఎత్తుకుపోవడానికొచ్చిన వాణ్ణనుకుంటోందే నన్ను" అన్నాడు. చెప్పులు మళ్లీ తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి అంగీని మసీదు బీరువాలో దాచాడు. ఇంట్లోంచి చిరుగుల చొక్కాతో వెళ్లి అక్కడ మార్చుకునేవాడు. రుగి దాక్కోవడం మానేసింది. గౌను తడపడం తగ్గింది. కానీ అతను బయల్దేరితే చాలు, చేతిలో పని వదిలేసి గేటు దగ్గర నిలబడేది. వాన పడుతున్నా కదిలేది కాదు. అతను వీధి మలుపులో కనపడ్డాక లోపలికొచ్చి పని అందుకునేది. బాగుపడుతోంది కదా అనుకున్నాను.

చెప్పినట్టే సిస్టర్ వచ్చింది, రంగు రంగుల గౌన్లో. పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. రుగి గుడ్డకి నారతో ముళ్లు వేస్తుంటే తనూ ముళ్లు వేసింది. ఒక్కటీ కుదరలేదు. పిల్ల వాటిని విప్పి మళ్లీ వేసి ఆవిడ ముందు పెట్టింది. యా సాంపా గోడ మీదుగా చూస్తూనే ఉంది.

"వచ్చింది, కూర్చుంది, నీ ముళ్లు పాడుచేసింది, పోయింది. దీన్ని వైద్యం అంటారా?" అంది నాతో. "పండగ నెత్తి మీదకొచ్చింది. ఇమాం గారు మళ్లీ అడిగారు. నీ మొగుడు నసుగుతున్నాడు. నువ్వైనా చెప్పు, ఆఫీసావిడకి కబురు పెట్టమంటావా?"

"పండగ కానీ వదినా" అన్నాను. అప్పటికి నాలో ఆశా లేదు, దిగులూ లేదు. ఎవరొచ్చి పిల్లని తీసుకెళ్లినా వాకిలి ఊడ్చుకుని పడుకునేదాన్నేమో. అలా ఉండేది నాకు.

పండగ ముందురోజు కాస్త తెరిపిచ్చింది. పెద్ద నమాజుకి అంగీ ఉతికి గంజి పెట్టాలి కదా. శాంటిగీ దాన్ని సంచిలో చుట్టి తెచ్చాడు. నేను యా సాంపా పెరట్లోనే ఉతికి, ఆవిడ గోడ వెనక తీగ మీద ఆరేశాను. ఆవిడ మర్నాడు మసీదు కమిటీ వాళ్లకి పెట్టే వంటల్లో మునిగిపోయింది. నేను ఆఖరి గుడ్డల మూట ఎత్తుకుని మార్కెట్‌కి పోయాను. ఒకే కుటుంబం వాళ్లు పండగకి ఒకే రంగు కట్టుకుంటారు, ఆ జట్టు గుడ్డలవి. తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే యా సాంపా కేకలు వినపడ్డాయి.

నీలిమందు పీపా పక్కన రాయెక్కి నిలబడి ఉంది రుగి. భుజాల దాకా చేతులు రంగులోనే ఉన్నాయి, రబ్బరు తొడుగులు కూడా వేసుకోలేదు. నేను చూస్తుండగానే రెండు చేతులా అంగీని పైకి లాగింది. నీలిమందులోంచి గుడ్డ ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలాకే నీలం తిరుగుతుంది. మా కళ్ల ముందే శాంటిగీ పండగ అంగీ మచ్చలు మచ్చలుగా నీలమైపోయింది.

"చూశావా! చూశావా! నేను మొత్తుకుంటే విన్నారా?" యా సాంపా గుండెలు బాదుకుంటోంది. "నా గోడ దూకి మరీ ఎత్తుకొచ్చింది. ప్రార్థన బట్టని ముంచేసింది. ఇక ఒక్క పూట కూడా వద్దు. దాని బట్టలు మూట కట్టు యాబోమ్, ఇప్పుడే!"

ముందు మంచినీళ్లలో తడపకుండా ముంచింది, అందుకే మచ్చలు పడ్డాయి, అనుకున్నాను. ఆ గొడవలో నా బుర్రకి తట్టింది అదొక్కటే.

శాంటిగీ పరిగెత్తుకొచ్చాడు. అంగీని చూశాడు, పిల్లని చూశాడు. దూరంగానే గొంతుక్కూర్చున్నాడు.

"రుగీ, నేనంటే భయమా నీకు?"

అది తల అడ్డంగా ఊపింది.

"మరి?"

అంగీ నుంచి రంగు కారుతోంది. పిల్ల దాన్ని ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉంది.

"మా నాన్న తెల్లగా వెళ్లాడు. అన్నలూ తెల్లగానే వెళ్లారు. అలా వెళ్తే రారు" అంది. మా ఇంటికొచ్చాక అది అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "నువ్వు రోజూ వెళ్తున్నావు. మసీదులో తొడుక్కుంటున్నావు, నాకు తెలుసు. రేపు ఇంకా చాలామంది తెల్లగా వెళ్తారంట."

యా సాంపా చేతులు గుండెల మీద అలాగే ఉండిపోయాయి. సిస్టర్‌తో సహా మేమందరం అది శాంటిగీని చూసి భయపడుతోందనుకున్నాం. అది ఇన్నాళ్లూ శాంటిగీ పోతాడని భయపడింది.

శాంటిగీ నా వైపు తిరిగాడు.

"రేపటికి ఆరుతుందా?"

"ఏది, ఇదా?"

"ఇదే."

"ఈ వానల్లోనా? పొయ్యి సెగకి పట్టుకోవాలి."

"పట్టుకుందాం" అన్నాడు.

నేనూ అతనూ చెరో అంచు పట్టుకుని సెగ మీద నిలబడ్డాం. రుగి చేతులు ఆ మందుకి మండుతుంటాయని తెలుసు. పామాయిల్ గిన్నె దాని దగ్గర పెట్టి పక్కకి జరిగాను, అదే తీసుకుని రాసుకుంది. యా సాంపా గొణుక్కుంటూ వాళ్లింట్లోకి పోయింది. పీడ వదిలిందనుకునేలోగా కొయ్య సుత్తి పట్టుకుని తిరిగొచ్చింది. మేం గుడ్డకి మెరుపు రావడానికి బాదే సుత్తి అది.

"ముడతలతో పంపుతారా ఏం, నా తమ్ముణ్ణి? ఇలా పడెయ్యండి" అంది. మొద్దు మీద పరిచి, నన్ను తిట్టుకుంటూ, పిల్లని తిట్టుకుంటూ, అంగీ మెరిసేదాకా బాదింది.

పండగ పొద్దున్న శాంటిగీ ఆ అంగీతో గదిలోంచి బయటికొచ్చాడు. రుగి గేటు దగ్గరే ఉంది. ఎటూ పోలేదు.

నమాజు బడి మైదానంలో. ఆడవాళ్ల వరసలకి వెనక, మూసిన కొట్టు చూరు కింద పిల్లని పక్కన పెట్టుకుని నిలబడ్డాను. మైదానమంతా తెలుపే. రుగి చేతులు కళ్ల మీదికి పోయాయి. వేళ్ల సందుల్లోంచి చూసింది. ముందు వరసలో నీలం మచ్చల వీపొకటి కనపడుతోంది. అందరూ వంగితే వంగుతోంది, లేస్తే లేస్తోంది. కాసేపటికి పిల్ల చేతులు కిందికి దిగాయి.

నమాజు కాగానే ఒక పెద్దాయన, "ఏంటి మౌజన్, రంగు పీపాలో పడ్డావా?" అన్నాడు. చుట్టూ నవ్వులు.

"మా అమ్మాయి అద్దింది" అన్నాడు శాంటిగీ. అజాన్ ఇచ్చే గొంతు కదా, మా కొట్టు చూరు దాకా వినపడింది.

ఇమాం గారు నవ్వలేదు. పండగ వెళ్లాక మాట్లాడదాం అన్నారు. ఆయన ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు. సిస్టర్ ఇప్పటికీ వారం వారం వస్తోంది, ఇప్పటికీ ముళ్లు కుదరవు.

మైదానం నుంచి వచ్చేలోగా వాన దంచింది. సరిగ్గా జాడించని రంగు, ఊరుకుంటుందా? పెద్దలు మా ఇంట్లో చాపల మీద కూర్చునేసరికి శాంటిగీ మెడ, చెవులు, మణికట్లు నీలమైపోయాయి. నేను అన్నం వడ్డిస్తున్నాను. యా సాంపా మాంసం గిన్నెతో నా వెనక వస్తోంది.

రుగి గుమ్మంలో నిలబడి అతన్ని కాసేపు చూసింది. లోపలికెళ్లి సబ్బు, పీచు, చెంబుతో నీళ్లు తెచ్చింది. తిన్నగా అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"వంగు" అంది.

శాంటిగీ మెడ వంచాడు. అది ఒక చెయ్యి అతని భుజం మీద ఆనించి, రెండో చేత్తో మెడ రుద్దడం మొదలుపెట్టింది. నా చేతిలో గరిట ఆగింది. వెనకనుంచి యా సాంపా మోచేత్తో పొడిచి, "వడ్డించవే" అంది గుసగుసగా. వడ్డించాను. కళ్లు మసకబారి ఎవరి కంచంలో ఎంత పెట్టానో తెలియలేదు.

నీలిమందు సబ్బుకి పోదు. పాత చర్మం పోయి కొత్తది రావాల్సిందే. ఇన్నేళ్లు నా చేతులు చూసిన శాంటిగీకి ఆ సంగతి తెలియదా? తెలుసు. మేమిద్దరం ఏమీ అనలేదు.

"ఇంకా ఉందా?" అని అడిగాడు, తల ఎత్తకుండానే.

"ఉంది" అంది రుగి, మళ్లీ సబ్బు పట్టిస్తూ.